మంచివాళ్లకైనా మినహాయింపు వద్దు

ప్రశ్న: మేము టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయికి 12 ఏళ్లు. నాలుగేళ్లుగా ఒక ఈత క్లబ్బులో ఉంది. వచ్చే నెల శాన్ ఆంటోనియోలో మూడు రోజుల మీట్ (ఈత పోటీలు) ఉంటే షాపరోన్‌గా, అంటే పిల్లల వెంట ఉండి చూసుకునే పెద్దగా, వస్తానని పేరిచ్చాను. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకుని, ఆటల్లో పిల్లల రక్షణ గురించి చెప్పే సేఫ్‌స్పోర్ట్ కోర్సు పూర్తి చేస్తేనే రానిస్తాం అన్నారు. నాలుగేళ్లుగా ప్రతి శనివారం చూస్తున్న మనిషిని ఇలా అడుగుతారా? మా దగ్గరికొచ్చి ఉన్న నాన్నగారైతే ‘దొంగని చూసినట్టు చూస్తున్నార్రా నిన్ను’ అన్నారు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాణ్ని, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వాలంటే భయంగానూ ఉంది. ఇంకో సంగతి. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం. కోచ్ మా వీధి మీదుగానే ఇంటికెళ్తుంది కాబట్టి ప్రాక్టీస్ అయ్యాక పాపను దింపేది. రెండు నెలల క్రితం ఇక కుదరదంది. రాసిస్తామన్నా ఒప్పుకోలేదు. మా ఆవిడ చాలా నొచ్చుకుంది. విజయవాడలో మా తమ్ముడి కొడుకు హాస్టల్ ఉన్న అకాడమీలో బ్యాడ్మింటన్ నేర్చుకుంటున్నాడు. అక్కడ ఇవేవీ లేవు, మాస్టారే తల్లీ తండ్రీ. ఇక్కడిది అతి జాగ్రత్తా, అక్కడిది అజాగ్రత్తా?
– ఒక తండ్రి, ఫ్రిస్కో

జవాబు:

మీ కోచ్ మంచి మనిషండీ. మొహమాటపడకుండా ‘కుదరదు’ అని మీతోనే చెప్పింది కాబట్టి ఈ మాట అంటున్నాను. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మీ భయం తీర్చేస్తాను, అది చిన్నది.

ఈ చెక్‌కీ మీ వీసాకీ సంబంధం లేదు. క్లబ్బు తరఫున ఒక ప్రైవేటు సంస్థ మీ పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకుని కోర్టుల నేర రికార్డుల్లోనూ, లైంగిక నేరస్తుల జాబితాల్లోనూ వెతుకుతుంది. మీ జీతం, మీ అప్పులు, మీరు ఈ దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 వాళ్లకు అక్కర్లేదు. మీరు ఒప్పుకుంటున్నట్టు రాసివ్వకుండా చేయకూడదు కూడా. మన పేర్లలో కుమార్లు, రావులు, రెడ్లు ఎక్కువ కదా, పేరు కలిసి ఎవరిదో కేసు మీ ఖాతాలో పడిందనుకోండి, ఆ నివేదిక నకలు అడిగి తప్పు సరిచేయించుకునే హక్కు చట్టమే ఇచ్చింది. నంబరును మాత్రం ఈమెయిల్‌లో పంపకండి, కాగితం మీద రాసి ఎవరి చేతికీ ఇవ్వకండి. క్లబ్బు ఇచ్చిన లింకు తెరిచి మీరే నింపండి. రెండేళ్లకోసారి మళ్లీ అడుగుతారు. దాని గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

ఇక నాన్నగారి మాట. ఆయన్ని ఒకటి అడిగి చూడండి. తిరుమల వెళ్లేటప్పుడు అలిపిరి దగ్గర కారు ఆపి, అందర్నీ దిగమని, సంచులన్నీ తనిఖీ చేస్తారు. నలభై ఏళ్లుగా కొండకెళ్తున్న పెద్దాయనా దిగుతాడు, కొత్త పెళ్లికూతురూ దిగుతుంది. ‘నన్ను అనుమానిస్తారా’ అని అలిగి వెనక్కి వెళ్లిపోయినవాణ్ని నేనైతే చూడలేదు. అక్కడ చూసేది మన మొహం కాదని, పైనున్న గుడి కోసం చూస్తున్నారని అందరికీ తెలుసు. ఈత కొలను దగ్గర కూడా అంతే. పైన ఉన్నది పిల్లలు.

ఇంతవరకూ మీకు నచ్చజెప్పడం సులువే. ఇక్కడి నుంచి కాస్త కష్టమైన మాటలు.

ఆ చెక్ పిల్లల్ని కాపాడేది చాలా కొద్దిగా. ఇదివరకే దొరికిపోయి, కేసు పడి, శిక్ష పడినవాణ్ని మాత్రమే అది పట్టుకుంటుంది. దొరకనివాడి కాగితం మీ కాగితమంత తెల్లగా ఉంటుంది. మన దేశం నుంచి నిన్నగాక మొన్న వచ్చినవాళ్ల గురించైతే ఇక్కడి కోర్టు రికార్డులకు ఏం తెలుస్తుంది? కాబట్టి చెక్ పాసయ్యాడు, ఇక ఫర్వాలేదు అని ఏ తల్లీ తండ్రీ కళ్లు మూసుకోకూడదు. అది గుమ్మం ముందు గొళ్లెం. వేసుకోవాలి, కానీ అది ఉంది కదా అని లోపల ఒళ్లు మరిచి పడుకోకూడదు.

లారీ నాసర్ పేరు మీరు వినే ఉంటారు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టరు, మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ డాక్టరు. అందరూ గౌరవించే మనిషి. వైద్యం పేరుతో ఏళ్ల తరబడి పిల్లల మీద అఘాయిత్యం చేశాడు. 2018 జనవరిలో మిచిగన్ కోర్టు అతనికి 40 నుంచి 175 ఏళ్ల శిక్ష వేసినప్పుడు, అంతకుముందు వారం రోజుల పాటు 150 మందికి పైగా అమ్మాయిలు, స్త్రీలు ఒకరి తర్వాత ఒకరు లేచి అతని ముందే మాట్లాడారు. వాళ్లలో అందరికంటే ముందు, 2016లో, పేరు పెట్టి పత్రికకు చెప్పిన ఆవిడ రేచల్ డెన్‌హాలండర్. అతని దగ్గరికి చికిత్సకు వెళ్లేనాటికి ఆవిడకు 15 ఏళ్లు. ఆ గదిలో ఆవిడ తల్లి ఉంది, అండీ. తల్లి అక్కడే కూర్చుని ఉండగా, ఆమె కంటికి ఆనకుండా తను అడ్డంగా నిలబడి ఆ పని చేశాడు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మనం పక్కనే ఉంటే చాలనుకుంటాం. పక్కనే ఉన్నా ఏం చూడాలో తెలియకపోతే కనపడదు.

చూడ్డం నేర్పేదే ఆ కోర్సు. చెక్ కంటే అది వందరెట్లు ముఖ్యమని నా నమ్మకం. మా మనవడు కూడా ఈత క్లబ్బులోనే ఉన్నాడు, మీట్లకి వాడి వెంట నేనే వెళ్తాను. అందుకే నేనూ ఆ కోర్సు చేశాను. మొదటిసారి గంటన్నర దాకా పడుతుంది, ఆ తర్వాత ఏటా చిన్న రిఫ్రెషర్ ఉంటుంది. మూడు భాగాలు: తెలిసినప్పుడు ఎవరికి చెప్పాలి, లైంగికంగా వేధించడం ఎలా మొదలవుతుంది, మాటలతో చేతలతో హింసించడం అంటే ఏమిటి. రెండో భాగం దగ్గర వీడియో ఆపుకుని ఆపుకుని చూశాను.

అక్కడ చెప్పేదానికి మన భాషలో సరైన మాట ఉంది. మచ్చిక చేసుకోవడం. ఆవుదూడని మచ్చిక చేసుకునేవాడు మొదటిరోజే పలుపు వేయడు. చేతిలో గడ్డి పెట్టుకుని నిలబడతాడు. వీళ్లూ అంతే. ముందు తల్లిదండ్రుల్ని మచ్చిక చేసుకుంటారు. మీకు తీరిక లేని రోజున సాయానికొస్తారు. ‘మీ పాపలో ఏదో ఉందండీ, దీన్ని నాకొదిలేయండి’ అంటారు. తర్వాత పిల్లతో చిన్న చిన్న నియమాలు తప్పించి చూస్తారు. అందరికీ లేని చాక్లెట్ తనకి. అందరూ వెళ్లిపోయాక పది నిమిషాలు ఎక్కువ ప్రాక్టీస్. రాత్రి పదకొండుకి ఒక మెసేజ్. ‘ఇది మనిద్దరి మధ్యే’ అనే మాట. ఒక్కోటి విడిగా చూస్తే ఏమీ లేదు, ఇంకా ముచ్చటగానే ఉంటుంది. మీ టెక్సాస్‌లోనే, హంట్స్‌విల్ దగ్గర అడవిలో, కరోలీ రాంచ్ అని జాతీయ జిమ్నాస్టిక్స్ శిబిరం ఉండేది. తల్లిదండ్రుల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. తిండి దగ్గర కూడా పిల్లల్ని కట్టడి చేసిన చోటు అది. అక్కడ దొంగచాటుగా తినుబండారాలు తెచ్చిచ్చి, కబుర్లు చెప్పి, ‘ఇక్కడ మనవాడు ఇతనొక్కడే’ అనిపించుకున్న పెద్దమనిషి నాసరే.

ఇప్పుడు మీ కోచ్ సంగతి.

ఆటల్లో పిల్లల రక్షణ కోసం డెన్వర్‌లో 2017లో యూఎస్ సెంటర్ ఫర్ సేఫ్‌స్పోర్ట్ అనే సంస్థ మొదలైంది. నాసర్‌కి శిక్షపడిన మూడు వారాలకు, 2018 ఫిబ్రవరి 14న, సేఫ్ స్పోర్ట్ చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టాడు. మీ క్లబ్బు పాటించే నియమాలు అక్కడి నుంచి వచ్చినవే. వాటన్నిటి వెనకా ఉన్నది ఒకటే సూత్రం: ఒక పెద్దమనిషీ ఒక పిల్లా ఒంటరిగా ఉండాల్సివస్తే, అది నలుగురికీ కనిపించేలా ఉండాలి, ఎవరైనా మధ్యలోకి వచ్చి పలకరించగలిగేలా ఉండాలి. కారు అలాంటి చోటు కాదు. అందుకే కారులో ఇంకో పెద్దమనిషైనా ఉండాలి, కనీసం ఇద్దరు పిల్లలైనా ఉండాలి అంటారు. తల్లిదండ్రులు ముందుగా రాసిస్తే ఒక్క పిల్లనైనా తీసుకెళ్లొచ్చని జాతీయ నియమాల్లో వెసులుబాటు ఉంది, మీరన్నది నిజమే. మీ క్లబ్బు ఆ వెసులుబాటును కూడా వదులుకున్నట్టుంది. అంతకంటే గట్టిగా ఉండే అధికారం క్లబ్బులకు ఉంది, నా మటుకు వాళ్లు చేసింది మంచిపని.

ఎందుకంటారా? మీ కోచ్ మంచిది. మీరు మంచివాళ్లు. ఆ కారులో ఏ రోజూ ఏమీ జరిగి ఉండదు, నేను రాసిస్తాను. కానీ ఆ రోజుల్లో మీ పాప ఒకటి నేర్చుకుంది. మంచివాళ్ల విషయంలో నియమం పక్కన పెట్టొచ్చు, అమ్మానాన్నలకు అది ఇష్టమే అని. రేపు ఈ కోచ్ వెళ్లిపోయి ఇంకొకరు వస్తారు. వాళ్లూ మంచివాళ్లలాగే ఉంటారు, ఎందుకంటే చెడ్డవాడిలా కనిపించేవాడు పిల్లల దగ్గరికి రాలేడు. చెడ్డవాడికి నియమాలు లేని క్లబ్బే అక్కర్లేదండీ. నియమాలుండి, ‘మనవాడే కదా’ అని వదిలేసే క్లబ్బు దొరికితే వాడికి చాలు. మీ కోచ్ తనకున్న మినహాయింపును తనే తీసేసుకుంది. తర్వాత వచ్చేవాడికి అది దొరక్కుండా చేసింది. మీ ఆవిడతో ఈ మాట చెప్పండి. వీలైతే ఆ కోచ్‌కి ఒకసారి థాంక్స్ చెప్పమనండి. ఆ నియమం పాటించినందుకు ఆవిడకూ ఎంతమంది మొహం చాటేసి ఉంటారో.

మా క్లబ్బులో ఒక కోచ్ ఉన్నాడు. ప్రాక్టీస్ అయ్యాక తల్లో తండ్రో ఆలస్యమై ఒక పిల్లాడు మిగిలిపోతే, ఆఫీసు గదిలో కూర్చోబెట్టడు. లాబీలో, దీపం కింద, రిసెప్షన్ ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చోబెడతాడు. తను రెండు గజాల దూరంలో నిలబడి తాడులు చుట్టుకుంటూ ఉంటాడు. ఎవరితోనైనా మాట్లాడాల్సి వచ్చి లోపలికి పిలిస్తే తలుపుకి కిక్‌బోర్డు, అదే ఈత నేర్చుకునేటప్పుడు పట్టుకునే పలక, అడ్డం పెడతాడు, మూసుకోకుండా. మొదట్లో ఆ నీలం కిక్‌బోర్డు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అది కనిపించినప్పుడల్లా మనసు కుదుటపడుతుంది.

మీకు ఇన్ని చెప్తున్నాను కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. గుంటూరు జిల్లాలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా, అంటే ఆటల మాస్టారుగా, చేరిన కొత్తలో మాట. జోనల్ ఆటలకి ఆడపిల్లల కబడ్డీ జట్టుని తీసుకెళ్లాను. ఎనిమిదో తరగతి గదిలో బెంచీలు ఒకవైపు జరిపి, చాపలు పరుచుకుని పడుకునేవాళ్లం. మొదటిరోజు సాయంత్రం, సెలెక్షన్ చూసే పెద్దాయన దగ్గర్నుంచి కబురొచ్చింది: ‘ఆ కూతకెళ్లే అమ్మాయి పుట్టినతేదీ సర్టిఫికెట్ చూడాలి, పంపించండి.’ ఆయన ట్రావెలర్స్ బంగళాలో దిగారు. నేను పంపించాను. పెద్దాయన, పేరున్న మనిషి, అడిగారు. ఆ పిల్ల సర్టిఫికెట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా సంబరంగా పరిగెత్తింది. చాలాసేపటికి వచ్చింది. కవరు గుప్పిట్లో నలిగి ఉంది. అన్నం వద్దంది. మర్నాడు కూతకెళ్లి మధ్యగీత దగ్గరే ఆగిపోయింది. ఆ నెలలోనే ఆటలు మానేసింది.

ఏం జరిగిందో నాకు తెలియదు. నేను అడగలేదు. అడగడానికి నా దగ్గర మాట లేదు, మాకెవరూ ఆ మాట నేర్పలేదు. పీఈటీ ట్రైనింగ్‌లో కోర్టు కొలతలు చెప్పారు, ఫౌళ్లు చెప్పారు, ప్రథమ చికిత్స చెప్పారు. ‘పద, నేనూ వస్తా’ అనే మూడు ముక్కలు చాలునని ఎవరూ చెప్పలేదు. ఈ కోర్సులో మొదటిసారి విన్నాను. అప్పటికి నాకు 60 దాటాయి.

అందుకే మీరు ‘నన్నా అడిగేది’ అంటే నాకు కోపం రాదు, తొందర వస్తుంది. త్వరగా చేసేయండి అని.

కోర్సులో మొదటి భాగం, చెప్పడం గురించి, శ్రద్ధగా వినండి. మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే. ఏదైనా అనుమానం వస్తే మనం ప్రెసిడెంటుగారి చెవిన వేస్తాం. ఆయన చూసుకుంటారులే అనుకుంటాం. పెన్ స్టేట్ యూనివర్సిటీలో సరిగ్గా ఇదే జరిగింది. జెర్రీ శాండస్కీ అనే మాజీ ఫుట్‌బాల్ కోచ్ స్నానాల గదిలో ఒక పిల్లవాడితో ఉండగా 2001లో ఒకతను చూశాడు. పైవాడికి చెప్పాడు. ఆ పైవాడు ఇంకా పైవాడికి చెప్పాడు. అందరూ చెప్పారు, పోలీసులకు మాత్రం ఎవరూ చెప్పలేదు. శాండస్కీని అరెస్టు చేసింది 2011లో. మధ్యలో పదేళ్లు. నాసర్ విషయంలో కూడా 2015 జూన్‌లో తెలిశాక ఎఫ్‌బీఐ దాకా వెళ్లడానికి జిమ్నాస్టిక్స్ సంఘానికి ఐదు వారాలు పట్టింది. ఎఫ్‌బీఐ కూడా ఏడాదికి పైగా దాన్ని నాననిచ్చింది. ఆ మధ్యకాలంలోనే ఇంకా 70 మందో అంతకు మించో అతని చేతిలో పడ్డారని కోర్టు పత్రాల్లో ఉన్న సంగతిని, 2021లో న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ తన నివేదికలో రాశాడు.

అందుకే ఇప్పుడు చట్టం 24 గంటల్లోపు చెప్పాలంటోంది. షాపరోన్‌గా వెళ్తున్నారంటే మీరూ ఆ చట్టం కిందికి వస్తారు. పిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందని అనుమానించడానికి తగిన కారణం కనిపిస్తే చాలు, రుజువు మీరు వెతకనక్కర్లేదు. నేరుగా పోలీసులకో, టెక్సాస్ హాట్‌లైన్ 1-800-252-5400కో చెప్పాలి. సేఫ్‌స్పోర్ట్ సెంటర్‌కి కూడా, 833-587-7233. క్లబ్బుకి చెప్పడం దీనికి బదులు కాదు. టెక్సాస్‌లో అయితే షాపరోన్ కానివాళ్లకూ, అంటే మీ ఆవిడకూ కూడా, చెప్పే బాధ్యత ఉంది. సరే.

శాన్ ఆంటోనియో గురించి రెండు మాటలు. హోటల్లో మీ అమ్మాయితో మీరు ఒక గదిలో ఉండొచ్చు. ‘దాని ఫ్రెండ్‌ని కూడా మన గదిలోనే పడుకోబెడదాం, డబ్బు కలిసొస్తుంది’ అన్న మాట రావచ్చు. వద్దనండి. వేరే పిల్లల గదుల్లోకి ఏదైనా పని పడి వెళ్లాల్సి వస్తే ఇంకో షాపరోన్‌ని తోడు తీసుకుని, తలుపు బార్లా తీసి ఉంచండి. బట్టలు మార్చుకునే గదుల్లో ఫోన్ బయటికి తీయకండి, మీ పాప మెడలో మెడల్ ఎంత ముద్దొచ్చినా సరే. ఫోటోలు కొలను దగ్గర తీసుకోవచ్చు. మెసేజ్ పెట్టాల్సి వస్తే ఒక్క పిల్లకి విడిగా పెట్టకుండా, వాళ్ల అమ్మనో నాన్ననో కలిపి పెట్టండి. రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

ఇక విజయవాడ. మీరు అడిగిన ప్రశ్నకి జవాబు: అక్కడిది అజాగ్రత్తే. కానీ చట్టం లేక కాదండీ. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే మన పోక్సో చట్టం 2012 నాటిది. దాని కింద 2020 మార్చిలో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. వాటిలో మూడో నిబంధన, పిల్లలు ఉండే, పిల్లలతో తరచు పనిపడే ప్రతి సంస్థా తన సిబ్బంది అందరికీ, పర్మనెంట్ అయినా కాంట్రాక్ట్ అయినా, ఎప్పటికప్పుడు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలంటుంది. పిల్లల రక్షణ గురించి వాళ్లకు ఎప్పటికప్పుడు శిక్షణ ఇప్పించాలంటుంది. బడులు, క్రెష్‌లతో పాటు అందులో పేరు పెట్టి రాసిన మాట ‘స్పోర్ట్స్ అకాడమీలు’. అంటే మిమ్మల్ని ఫ్రిస్కోలో ఏం అడిగారో, విజయవాడలో మాస్టారిని, వార్డెన్‌ని, వంటమనిషిని, వ్యాన్ డ్రైవర్‌ని అదే అడగాలని మన చట్టమే చెప్తోంది. అడిగేవాళ్లు లేరు, అంతే తేడా.

ఒక తేడా మాత్రం నిజంగా ఉంది. ఇక్కడ లైంగిక నేరస్తుల జాబితా ఎవరైనా చూడొచ్చు, సేఫ్‌స్పోర్ట్ చర్య తీసుకున్నవాళ్ల జాబితా కూడా దాని సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. కొత్త కోచ్ వచ్చినప్పుడల్లా నేను చూస్తాను. మన దేశంలో 2018 నుంచి అలాంటి జాబితా ఉన్నా పోలీసులకు తప్ప మనకు కనిపించదు. కాబట్టి అక్కడ తల్లిదండ్రులు నోరు తెరిచి అడగడం ఇంకా అవసరం.

మీ తమ్ముడితో చెప్పండి, అకాడమీకి వెళ్లి గొడవ పెట్టుకోమని కాదు. ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు నిదానంగా అడగమనండి. సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ అయిందా సార్, ఎప్పుడైంది? రాత్రిపూట హాస్టల్లో ఎవరుంటారు, ఒక్కరేనా? దెబ్బ తగిలితే మసాజ్ ఎవరు చేస్తారు, ఎక్కడ చేస్తారు? టోర్నమెంట్లకు ఊరెళ్తే గదులు ఎలా ఇస్తారు? పిల్లాడు ఇంటికి ఫోన్ చేసుకోవాలంటే ఎవరినైనా అడగాలా? మంచి మాస్టారైతే మొదట కాస్త ముఖం చిట్లించినా జవాబు చెప్తారు. ‘నా మీదే నమ్మకం లేదా’ అని ఎదురు ప్రశ్న వేస్తే, ఆ మాట నొప్పితో వచ్చిందో కోపంతో వచ్చిందో చూసుకోమనండి. ఒక్కడే అడిగితే పిల్లాడి మీద పడుతుందని భయమైతే, నలుగురు తల్లిదండ్రులు కలిసి అడగొచ్చు.

‘మగపిల్లాడే కదా’ అంటాడేమో మీ తమ్ముడు. శాండస్కీ పాడుచేసింది అందరూ మగపిల్లల్నే. 2012లో 45 నేరాల్లో అతను దోషి అని తేలింది. పోక్సో చట్టం కూడా ఆడా మగా అని చూడదు, 18 ఏళ్ల లోపు అందరినీ పిల్లలే అంటుంది. నిజానికి మగపిల్లలు ఇంకా ఆలస్యంగా చెప్తారు, చెప్తే నవ్వుతారని. అక్కడ ఏదైనా తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, పోలీసులకు 112. ఆ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివాడూ చెప్పాల్సిందే, దాస్తే జైలు శిక్ష. అకాడమీ నడిపేవాడే దాస్తే శిక్ష ఇంకా ఎక్కువ.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, 1990లో హర్యానాలోని పంచకులలో 14 ఏళ్ల టెన్నిస్ పిల్ల మీద, ఆ రాష్ట్ర టెన్నిస్ సంఘం అధ్యక్షుడే చెయ్యి వేశాడు. ఆయన పోలీసు పెద్ద అధికారి కూడా. ఆ పిల్ల చెప్పింది. చెప్పినందుకు ఆ ఇల్లు పడని కష్టం లేదు. మూడేళ్లకి ఆ అమ్మాయి ప్రాణం తీసుకుంది. కోర్టు ఆయన్ని దోషి అన్నది 2009లో, 19 ఏళ్ల తర్వాత. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయాల్సిన మనిషే అధ్యక్షుడైతే ఎవరు ఎవరిని చెక్ చేస్తారు? అందుకే నియమం మనిషిని చూసి మారకూడదు, ఎంత పెద్దాయనైనా.

మీ పాప సంగతి మరిచిపోలేదు. కోచ్ దింపడం మానేసిందని అదీ నొచ్చుకునే ఉంటుంది, తనేదో తప్పు చేశాననుకుని ఉండొచ్చు. దానితో కూర్చుని మాట్లాడండి. కోచ్ చెడ్డదని కాదు, నీ మీద కోపం కాదు, రేపు నాన్న షాపరోన్‌గా వచ్చినా నీ ఫ్రెండ్స్‌తో ఇవే నియమాలు అని చెప్పండి. ‘అమ్మకి చెప్పొద్దు’ అని ఏ పెద్దవాళ్లు అన్నా, అది మన బంధువులైనా, ఆ మాటే అమ్మకి ముందు చెప్పాలని చెప్పండి. శరీరంలో అన్ని భాగాల పేర్లూ దానికి తెలిసి ఉండాలి, తెలుగులోనో ఇంగ్లీషులోనో, సిగ్గుపడకుండా. మన ఇళ్లలో ‘ఛీ’ అనే ఒక్క మాటతో సరిపెడతాం, రేపు ఏదైనా జరిగితే పిల్ల ఏ మాటతో చెప్తుంది? ఇంకోటి. కోచ్ ఈత సరిచేయడానికి భుజం పట్టుకుంటారు, అది ఆటలో భాగమే. కానీ ముందు చెప్పి పట్టుకోవాలి, అందరి ముందూ పట్టుకోవాలి, వద్దంటే ఆగాలి. ‘లావయ్యావు, నీ మొహానికి బటర్‌ఫ్లై ఈత ఎందుకు’ లాంటి మాటలు రోజూ అంటుంటే అది కూడా వేధింపే. మనం దాన్ని క్రమశిక్షణ అనుకుని పెరిగాం. తిట్టని కోచ్‌లూ పతకాలు తెచ్చారు.

ప్రాక్టీస్ నుంచి ఇంటికి రావడానికి దారి నాకు ఒకటి తోస్తోంది. మీ అమ్మాయి లేన్‌లో మీ వైపు ఉండే పిల్లలు ఇంకో ఇద్దరైనా ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడి వారంలో రోజులు పంచుకోండి. మీకు మంగళవారం వస్తే మంగళవారం మీరే ముగ్గురినీ దింపండి. కారులో పిల్లలు ఎప్పుడూ ఇద్దరికి తగ్గకుండా చూసుకోండి.

కోర్సు ఒక్కసారే కూర్చుని పూర్తిచేయక్కర్లేదు, మధ్యలో ఆపి మర్నాడు కొనసాగించవచ్చు. మీ ఆవిడని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, నాన్నగారికి నచ్చితే ఆయన్నీ. తల్లిదండ్రుల కోసం విడిగా ఉచితంగా ఒకటి ఉంది, మీ తమ్ముడు విజయవాడ నుంచి కూడా చూడొచ్చేమో ప్రయత్నించమనండి. ఆ అకాడమీలో అడిగాక వాళ్లేమన్నారో నాకు రాయండి. వెరిఫికేషన్ కాగితం చూపిస్తే రాయండి, చూపించకపోతే ఇంకా త్వరగా రాయండి.